ఎనిమిది పాతవా, నాలుగు కొత్తవా?

గత రంజాన్ తర్వాత మన సొసైటీ కంప్యూటర్ గదికి ఒకేసారి రెండు కబుర్లు వచ్చాయి. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మన నిడదవోలు భాయి ఒకరు ఫోన్ చేసి, తమ ఆఫీసులో వర్క్‌స్టేషన్లు తీసేస్తున్నారని, లారీ ఖర్చు మనం పెట్టుకుంటే ఎనిమిది పంపిస్తానని అన్నారు. కువైట్‌లో ఉన్న మరో భాయి, నాలుగు కొత్త డెస్క్‌టాప్‌లకు సరిపడా డబ్బు పంపుతాను, ఏవి కొనాలో మీరే తేల్చుకోండి అన్నారు. రెండూ తీసుకోవచ్చు కదా అని అనిపిస్తుంది. మన గదిలో ఉన్నవి ఎనిమిది బల్లలు. ప్లగ్గులూ వాటికి సరిపోయేవే. ఎనిమిది పాతవి వస్తే కొత్తవాటికి చోటుండదు.

ఇషా నమాజు తర్వాత కమిటీ కూర్చుంది. పెద్దాయన ఒకరు, "ఎనిమిది ఊరికే వస్తుంటే నాలుగంటారేంటండీ మాస్టారూ? పైగా అవి పెద్ద కంపెనీలో ఇంజినీర్లు వాడినవి" అన్నారు. ఇంజినీరింగ్ చదివే కుర్రాడు వెంటనే, "అవి తుక్కు చాచా, లారీ ఖర్చు దండగ" అన్నాడు. ఇద్దరి మాటలోనూ సగం నిజమే ఉందని మాకు తెలియడానికి నెల పట్టింది. ప్రతి ఏడాదీ దాతల్లో ఎవరో ఒకరు పాత కంప్యూటర్ ఇస్తామనో, కొత్తది కొనిస్తామనో అడుగుతూనే ఉన్నారు కాబట్టి, ఆ నెలలో మేము తెలుసుకున్నది ఇక్కడ వివరంగా రాస్తున్నాం.

ముందు కాగితం మీది లెక్కలు చూద్దాం. హైదరాబాదు నుంచి నమూనాకు వచ్చిన పెట్టె హెచ్‌పి జడ్ 420. అందులో ఉన్నది ఇంటెల్ జియాన్ ఇ5-1620 అనే ప్రాసెసర్, 2012లో వచ్చింది. జియాన్ అన్న పేరు 1998 నుంచి ఉంది. సర్వర్లకు, వర్క్‌స్టేషన్లకు ఇంటెల్ పెట్టుకున్న పేరది. జియాన్ల చరిత్రలో మన దేశానికీ చోటుంది. 2008లో వచ్చిన ఆరు కోర్ల జియాన్ 7400 బెంగళూరులోనే రూపుదిద్దుకుంది. ఇక కొత్త డెస్క్‌టాప్‌కు దుకాణదారు రాసిచ్చిన కొటేషన్‌లో ఉన్నది కోర్ ఐ3-12100. ఇది 2022 జనవరిలో వచ్చింది. ఐ3 అంటే ఆ వరుసలో చిన్నన్న. పైన ఐ5, ఐ7, ఐ9 ఉన్నాయి.

రెండింటికీ కోర్లు నాలుగే, థ్రెడ్లు ఎనిమిదే. క్లాక్ వేగం పాతదానికి 3.6 గిగాహెర్ట్జ్, కొత్తదానికి 3.3. అంటే పాతదే ఎక్కువ. వాట్లు పాతదానికి 130, కొత్తదానికి 60. మెమరీకి దారులు పాతదానికి నాలుగు, కొత్తదానికి రెండు. ఈ కాగితాన్ని పదో తరగతి పిల్లవాడికి ఇచ్చి ఏది గట్టిదిరా అని అడిగితే, తడుముకోకుండా పాతదే అంటాడు. మా కమిటీలోనూ సగం మంది అదే అన్నారు. కాని పని దగ్గరికి వచ్చేసరికి, ఒక్క కోర్ మీద నడిచే పనిలోనైనా, నాలుగు కోర్లూ కలిసి చేసే పనిలోనైనా, కొత్తదాని వేగం దాదాపు రెట్టింపు. ఎక్కువ అంకె ఉన్నది ఎందుకు వెనకబడుతుంది? అసలు విషయం ఇక్కడే ఉంది కాబట్టి కాస్త నిలిచి చూద్దాం.

3.6 గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 360 కోట్ల తాళాలు. తాళం పడినప్పుడల్లా ప్రాసెసర్ ఒక అడుగు వేస్తుంది. అడుగులు ఎన్ని వేసింది అనేది క్లాక్ చెబుతుంది. అడుగుకు ఎంత బరువు మోసింది అనేది చెప్పదు. ధాన్యం బస్తాలు లారీకెత్తే జట్టును చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. నలుగురు మనుషులే, నడక వేగమూ దాదాపు ఒకటే. కాని ఒక జట్టు భుజాన ఒక్కో బస్తా మోస్తుంటే, ఇంకో జట్టు తోపుడు బండి మీద రెండేసి నెడుతోంది. సాయంత్రానికి ఏ లారీ ముందు నిండుతుంది?

ఆ తోపుడు బండి ఏమిటో కూడా చెప్పుకోవచ్చు. పాత జియాన్ కోర్ ఒక్కో తాళానికి నాలుగు ఆదేశాల వరకు చదివి విప్పగలదు. కొత్తదాని కోర్ ఆరు విప్పుతుంది. అంతకన్నా పెద్ద తేడా ముందుచూపులో ఉంది. వలీమా వంటకు వచ్చిన మంచి వంటమనిషి, బియ్యం నానేదాకా చేతులు కట్టుకుని కూర్చోడు. ఆలోగా ఉల్లిపాయలు వేయిస్తాడు, మసాలా నూరిస్తాడు. ప్రాసెసర్ కూడా అంతే. ఒక ఆదేశానికి కావలసిన సరుకు మెమరీ నుంచి రావడం ఆలస్యమైతే, వెనక వరుసలో సిద్ధంగా ఉన్నవాటిని ముందు చేసేస్తుంది. అలా వరుసలో కళ్ల ముందు పెట్టుకోగలిగినవి పాతదానిలో 168, కొత్తదానిలో 512. ఒకటి ఆగినా మిగతావి నడుస్తూ ఉంటాయి.

క్యాష్ అనేది కూడా ఉంది. దాతల పత్రికలో ఈ మాట రాస్తే డబ్బు అనుకుంటారు కాబట్టి ముందే చెబుతున్నాం, ఇది ఆ క్యాష్ కాదు. ప్రాసెసర్ చేతికందే దూరంలో ఉండే చిన్న మెమరీ. వంటింట్లో పోపుల పెట్టె లాంటిది. ర్యామ్ అంటే సామాన్ల గది. డిస్క్ అంటే బజారు. ఆవాల కోసం ప్రతిసారీ బజారుకు పోతే కూర ఎప్పటికవుతుంది? రెండింటికీ ఉమ్మడి క్యాష్ 10 ఎంబీ, 12 ఎంబీ. అక్కడ పెద్ద తేడా లేదు. కాని ఒక్కో కోర్‌కు సొంతంగా ఉండేది పాతదానికి 256 కేబీ, కొత్తదానికి 1.25 ఎంబీ. పోపుల పెట్టె ఐదు రెట్లయింది.

మెమరీ దారుల లెక్క మాకు అన్నిటికన్నా ముచ్చటగా అనిపించింది. పాతదానికి నాలుగు దారులు, అది వాడేది డీడీఆర్3 ర్యామ్. కొత్తదానికి రెండే దారులు, వాడేది డీడీఆర్4. కూడి చూస్తే రెండూ సెకనుకు 51.2 గిగాబైట్ల దగ్గరే ఆగుతాయి. నాలుగు సందులు, రెండు పెద్ద రోడ్లు. ఇంజినీరింగ్ కుర్రాడు ఈ గుణకారం బోర్డు మీద చేసి చూపిస్తే, మొదట తుక్కు అన్న మాటను తనే కొంచెం వెనక్కి తీసుకున్నాడు.

ఇదంతా నాలుగు కోర్లకూ నాలుగు కోర్లకూ పోటీ. అదే 2012లో వచ్చిన ఎనిమిది కోర్ల అన్నగారు జియాన్ ఇ5-2670 ఉంది. అప్పట్లో దాని ధర 1,500 డాలర్ల పైమాటే. అది ఎనిమిది కోర్లూ ఏకం చేసుకున్నా, 150 డాలర్ల లోపు ధరతో వచ్చిన ఈ నాలుగు కోర్ల ఐ3ని దాటలేదు. పదేళ్లంటే ఈ రంగంలో అంత దూరం. మన తరంలో లారీలు, మోటార్లు ఇలా మారలేదు కాబట్టి, పాత బలమైన వస్తువు ఎప్పటికీ బలమైనదే అనే నమ్మకం మనలో పోవడం లేదు.

ఇప్పుడు మేము చేసి చూసిన సంగతి. నమూనా పెట్టెను, అరువు తెచ్చిన ఒక ఐ3 డెస్క్‌టాప్‌ను పక్కపక్కన పెట్టాం. మొదటి రెండు రోజులు పాతది వెలగనే లేదు. ప్రాసెసర్ తప్పు కాదు. ఈ జియాన్లలో బొమ్మ చూపించే భాగం లోపల ఉండదు, గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలి. కార్డు ఉంది గాని దానికున్న రంధ్రాలు వేరు, మా పాత మానిటర్ల వీజీఏ వైరు వేరు. కన్వర్టర్ కోసం రాజమండ్రి వెళ్లి రావలసి వచ్చింది. ఐ3లో గ్రాఫిక్స్ లోపలే ఉంది, వైరు తగిలిస్తే బొమ్మ వచ్చింది. ఇంటెల్‌లో ఈ గ్రాఫిక్స్ విభాగానికి 2017 చివరి నుంచి 2022 చివరి వరకు పెద్దగా ఉన్నది మన పొరుగున కొవ్వూరు మూలాలున్న రాజా కోడూరి. పిల్లలకు ఈ మాట చెబితే ప్రాసెసర్ పాఠం కన్నా శ్రద్ధగా విన్నారు.

తర్వాత ఒక నెల పాటు పిల్లలు రెండింటి మీదా పనిచేశారు. తెలుగు టైపింగ్, వర్డ్, ఎక్సెల్, ట్యాలీ వరకు తేడా ఎవరికీ తెలియలేదు. పాతదానిలో మొదట హార్డ్ డిస్క్ ఉండేది, ఆన్ చేసి చాయ్ తాగి రావచ్చు. దాన్ని తీసి ఎస్‌ఎస్‌డీ పెట్టగానే ఆ జబ్బు కుదిరింది. ఇది దాతలు గుర్తుపెట్టుకోవలసిన విషయం. మామూలు పనుల్లో నత్తనడకకు చాలాసార్లు కారణం ప్రాసెసర్ కాదు, డిస్క్. ఆటోక్యాడ్ దగ్గర, బ్రౌజరులో పది కిటికీలు తెరిచిన దగ్గర, పాఠాల వీడియో మార్చే దగ్గర తేడా బయటపడింది. ఒకే లెక్కల పాఠం వీడియోను రెండింటిలోనూ మార్చమని పెడితే, కొత్తది ఆ పని ముగించి ఇంకో పాఠం పట్టుకున్నాక కూడా పాతది మొదటిదానితోనే ఉంది.

ఎండాకాలం వచ్చేసరికి మరో తేడా తెలిసింది. 130 వాట్లు, 60 వాట్లు అనేవి ప్రాసెసర్ ఎప్పుడూ తినే కరెంటు కాదు. గట్టిగా పనిచేస్తున్నప్పుడు ఎంత వేడిని బయటికి తోడేయాలో చెప్పే అంకెలు. కొత్తది కూడా కొద్దిసేపు 89 వాట్ల వరకు పోగలదు. కాని ఊరికే వెలిగి ఉన్నప్పుడు కూడా గ్రాఫిక్స్ కార్డు, పెద్ద బోర్డు, ఫ్యాన్లతో కలిపి వర్క్‌స్టేషన్ ఎక్కువే తింటుంది. పెట్టెకు 60 వాట్ల తేడా ఉందనుకుందాం. ఎనిమిది పెట్టెలకు 480 వాట్లు. రోజుకు ఆరు గంటలు, నెలకు 25 రోజులు నడిస్తే నెలకు 72 యూనిట్లు, ఏడాదికి 864. దాన్ని మీ బిల్లులోని యూనిట్ ధరతో హెచ్చించి చూడండి. ఊరికే వచ్చిన దానానికి సొసైటీ ప్రతి నెలా కట్టుకునే అద్దె అది. అంతేకాదు, తిన్న ప్రతి వాటూ వేడిగా గదిలోకే వస్తుంది. అసర్ తర్వాత ఆడపిల్లల బ్యాచ్ ఉంటుంది. మే నెలలో మన నిడదవోలు ఉక్కలో, కిటికీలు మూసుకుని కూర్చునే ఆ పిల్లల గదిలో ఇంకో కుంపటి పెట్టడం మాకు మనసొప్పలేదు. కరెంటు పోయినప్పుడు చిన్న యూపీఎస్ మీద పాతది ఆగే సమయమూ తక్కువే. ఫైలు సేవ్ చేసుకునేలోపు పిల్లలు కంగారు పడేవారు.

మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్ ప్రాసెసర్లలో దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. 2012 నాటి జియాన్ ఆ జాబితాలో లేదు. దొడ్డిదారులున్నాయి గాని, పిల్లల గదిలో దొడ్డిదారి పెట్టడం మాకు ఇష్టం లేదు. రాజమార్గం లినక్స్. కేరళ ప్రభుత్వ బడులు ఏళ్లుగా స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తున్నాయి, అక్కడి పిల్లలు ఏమీ వెనకబడలేదు. అయితే మన పిల్లల్లో చాలామందికి ఉద్యోగం వచ్చేది డీటీపీ సెంటర్లలో, ఎకౌంట్ల దగ్గర. అక్కడ అనూ స్క్రిప్టు, పేజ్‌మేకర్, ట్యాలీ ఉంటాయి. అవి విండోస్ వస్తువులు. లినక్స్ ఒక్కటే నేర్పితే సరిపోదు.

ఇంతవరకు చదివినవారు కొత్తదే మేలని మేము తేల్చేశామనుకుంటారు. అలా లేదు. పెద్దాయన చివర్లో అన్న మాటకు మేము జవాబు చెప్పలేకపోయాం. "వేగం సరే మాస్టారూ, ఈఏపీసెట్ మాక్ టెస్టు రోజున నాలుగు కుర్చీల మీద ఇరవై మందిని ఎలా కూర్చోబెడతారండీ?" ఈఏపీసెట్ కంప్యూటర్ మీదే రాయాలి. జేఈఈ మెయిన్ కూడా అంతే. ఇంట్లో కంప్యూటర్ లేని పిల్లకు మౌస్ పట్టుకునే అలవాటే మొదటి గండం. ఆ పరీక్షకు ప్రాసెసర్ వేగం అవసరమే లేదు, కుర్చీ కావాలి. ఆ లెక్కన ఎనిమిది పాతవి, నాలుగు కొత్తవాటికన్నా రెట్టింపు మంచివి. బడిలో ముప్పై ఏళ్లుగా ఒక మైక్రోస్కోపు చుట్టూ యాభై మందిని నిలబెట్టినవాళ్లం, ఈ మాట కాదనలేం.

పాతదానికి ఇంకో గొప్ప కూడా ఉంది. వర్క్‌స్టేషన్లలో ఈసీసీ అనే ర్యామ్ ఉంటుంది. మెమరీలో ఒక బిట్ పొరపాటున తారుమారైతే, అదే కనిపెట్టి దిద్దుకుంటుంది. మార్కుల మొత్తం వేశాక రెండో మాస్టారు ఒకసారి సరిచూసినట్టు. మామూలు డెస్క్‌టాప్ బోర్డుల్లో ఈ సదుపాయం ఉండదు. జడ్ 420లో ర్యామ్‌కు ఎనిమిది స్లాట్లున్నాయి. రోజుల తరబడి ఆపకుండా నడవాల్సిన పనికి, అందరి ఫైళ్లూ ఒక్కచోట దాచే పనికి ఇది ఇప్పటికీ గట్టి వస్తువే. కాని ఆ పనికి ఒకటి చాలు, ఎనిమిది అక్కర్లేదు. ఇలాంటి బ్రాండెడ్ పెట్టెలు చాలావాటిలో పవర్ సప్లై, మదర్‌బోర్డు ఆ కంపెనీ సొంత ఆకారంలోనే ఉంటాయి. పాడైతే బజారులో దొరికేవి అందులో కూర్చోవు. అప్పుడు ఆ పెట్టె ఈ-వ్యర్థం అవుతుంది. దాన్ని పాత ఇనుప సామాన్లవాడికి వేయకూడదు, రిజిస్టరైన రీసైక్లర్‌కు చేర్చాలి. ఆ ఖర్చూ మనదే.

ఇవన్నీ కూడి తీసి మేము మూడో దారి పట్టాం. ఆఫీసులు నాలుగైదేళ్లు వాడి తీసేసిన మామూలు డెస్క్‌టాప్‌లు సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల దొరుకుతాయి. వాటిలో ఎనిమిదో తరానివి చూసుకోవాలి. ఉదాహరణకు 2018లో వచ్చిన ఐ5-8500. ఆరు కోర్లు, 65 వాట్లు, గ్రాఫిక్స్ లోపలే, విండోస్ 11కు అనుమతి ఉంది. కువైట్ భాయి డబ్బుతో నాలుగు కొత్తవి కాక, రెండు కొత్తవి, నాలుగు ఇలాంటివి కొన్నాం. ఆయన సదఖాగా పంపిన డబ్బది. జకాత్ సొమ్మును ఇలాంటివాటికి వాడవచ్చా అనేది ఉలమా చెప్పాల్సిన మాట, మేము దాని జోలికి పోలేదు.

హైదరాబాదు భాయికి ఎనిమిదీ వద్దు, రెండు చాలు అని చెప్పడం మాత్రం కష్టమైంది. దానం ఇస్తానన్న చేతిని వద్దనడం మన మర్యాదలో లేదు. ఫోన్ పెట్టేశాక వారం రోజులు ఆయన మాట్లాడలేదు. మేమే ఈ లెక్కలన్నీ కాగితం మీద రాసి వాట్సాప్‌లో పంపాం. అప్పుడు ఫోన్ చేసి, "మా ఆఫీసులో వాటిని తీసేసిందీ అందుకేనండి మాస్టారూ, కరెంటు బిల్లుకే" అని నవ్వారు. రెండింటికీ ఎస్‌ఎస్‌డీలు ఆయనే కొనిచ్చారు. ఆఫీసు హార్డ్ డిస్కులు తీసేసి మరీ పంపారు. అదీ మంచి పద్ధతే, కంపెనీ సమాచారం బయటికి పోకూడదు.

ఇకముందు ఇవ్వదలచుకున్నవారికి ఒక్క మనవి. పెట్టె మీద ఐ7 అనో, జియాన్ అనో ఉంటే చాలదు, దాని పక్కనున్న అంకె చదివి మాకు చెప్పండి. ఐ3-12100లో మొదటి 12 అంటే పన్నెండో తరం. ఐ5-8500లో 8 అంటే ఎనిమిదో తరం. ఐ7-2600 అని ఉంటే అది రెండో తరం, 2011 నాటిది. పేరులో ఏడు ఉన్నా పన్నెండో తరం ఐ3 ముందు నిలవదు. జియాన్ ఇ5 అయితే చివర వి2, వి3, వి4 అని ఉంటుంది. ఏమీ లేకపోతే అది మొదటిది, మాకు వచ్చినదాని లాంటిది. డిస్క్ ఎస్‌ఎస్‌డీనా కాదా, మానిటర్ వైరు ఏ రకమో కూడా చూసి చెబితే మాకు రాజమండ్రి ప్రయాణం తప్పుతుంది.

ఇప్పుడు గదిలో ఒక పాత వర్క్‌స్టేషన్ బీరువా పక్కన మానిటర్ లేకుండా, లినక్స్ మీద, పాఠాల వీడియోలు అన్ని బల్లలకూ అందిస్తూ ఉంది. రెండోది ఏడో బల్ల మీద టైపింగ్‌కు, మాక్ టెస్టులకు వాడుతున్నాం. ఎనిమిదో బల్ల ఖాళీగా ఉంది. ఎనిమిదో తరమో, ఆ పైదో ఒకటి ఎవరి దగ్గరైనా ఉంటే కమిటీకి తెలియజేయగలరు. దానికి మానిటర్, కీబోర్డు మా దగ్గర ఉన్నాయి.